ఇల్లు మీది, గుంట నాది

ఇల్లు కొనే విషయంలో నన్ను బోల్తా కొట్టించగల మొనగాడు ఇంకా పుట్టలేదు. అరవై ఏళ్ళకు పైగా వడ్రంగం చేసినవాణ్ణి. గుమ్మం మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి చెవి ఆనిస్తే చాలు, ఆ ఇల్లు తన పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తుంది. ఏ చెట్టు కలప, ఏ కాలంలో కొట్టారు, కొట్టినవాడికి ఆ పొద్దున పెళ్ళాంతో గొడవైందా లేదా, అన్నీ. ఒకసారి ఒక బీరువాను కొడితే అది దగ్గింది. లోపల ఆ ఇంటి అల్లుడు మామగారికి భయపడి దాక్కున్నాడని తర్వాత తేలింది. అయినా దగ్గు విన్నది నేనే కదా.

అలాంటి నన్ను మా చెల్లెలు ఒకరోజు పిలిచి, సరస్సు ఒడ్డున ఒక చెక్క ఇల్లు అమ్మకానికి ఉందట, వచ్చి కొట్టి చూసిపెట్టమంది.

చెల్లెలి సంగతి ముందు చెప్పాలి. మా ఇంట్లో ఆఖరిది. నాకూ తనకూ పద్దెనిమిదేళ్ళ తేడా, నేను చంకనేసుకుని తిప్పిన పిల్ల. పెళ్ళి ఆలస్యంగా అయింది. మా బావ ఫోటోలకు పటాలు కట్టే షాపు నడిపేవాడు. తొమ్మిదేళ్ళు ఇద్దరూ ఆ షాపులోనే ఎదురెదురుగా కూర్చుని, అతను చెక్క కోస్తే తను అద్దం కోస్తూ బతికారు. ఒకరోజు అతను అద్దం తుడుస్తూ తుడుస్తూ తల బల్ల మీద వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు.

అతని ఫోటోకు పటం తనే కట్టింది. కొలత తీసింది, అద్దం కోసింది, నాలుగు మూలలూ బిగించింది. షాపు పద్ధతి ప్రకారం పటం వెనక నంబరు చీటీ అంటించింది. కాగితంలో చుట్టింది. రసీదు పుస్తకం తీసి, ఎవరు తీసుకెళ్తారో రాయాల్సిన చోట కలం పెట్టి, అలాగే ఉండిపోయింది. నేను వెళ్ళి పుస్తకం మూసేదాకా ఆ కలం అక్కడే ఉంది. కాగితం మీద సిరా చుక్క శనగ గింజంత అయింది.

ఇక ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని అందరం కాచుకుని కూర్చున్నాం. ఏడవలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, పెట్టింది తినేది. ఒకరోజు టీలో చక్కెర బదులు ఉప్పు వేసి నాకిచ్చి, తనూ తాగింది. నేను బాగుందన్నాను. ఇంకో కప్పు పోసింది. అదీ తాగాను. నేను మొహం చిట్లించి ఉంటే తను నవ్వేదేమోనని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

షాపు అమ్మేస్తానని ఏడాది తిరక్కుండానే అంది. కారణం అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"పోయినవాళ్ళ ఫోటోలే వస్తున్నాయన్నయ్యా షాపుకి. బతికున్నవాళ్ళు ఎవరూ పటం కట్టించుకోవట్లేదు. నాకు నవ్వుతూ వచ్చి, నాలుగు రోజులుండి, నవ్వుతూ పోయేవాళ్ళు కావాలి. వాళ్ళ పేర్లు కూడా నాకు గుర్తుండక్కర్లేదు."

సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకివ్వడానికే ఆ సరస్సు ఇల్లు. ముందు రెండు గదులూ వాళ్ళకు, వెనక వంటగది పక్కన చిన్న గది తనకు. షాపు అమ్మగా వచ్చింది మొత్తం దాంట్లోకే పోతుంది. వెనక్కి తిరిగి రావడానికి ఇంకో గూడు ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఒక గంటలో అయ్యే పనికి మూడు రోజులు తీసుకున్నాను.

ఇల్లు చూపించిన బ్రోకరు నోట్లో అందరికీ ఉండేవాటికన్నా నాలుగు పళ్ళు ఎక్కువున్నట్టు ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడు. పళ్ళబ్రోకరు అని పేరు పెట్టాను. చంకలో ఒక ఫైలు పెట్టుకుని నా వెనకే తిరిగాడు. నేను తలుపులు పట్టుకుని ఊగాను. కిటికీలు పన్నెండు, పన్నెండూ తెరిచి మూశాను. వానకు ఉబ్బినవి రెండే. వరండా చెక్కల మీద మడమలతో గెంతాను. ఆ వయసులో నా గెంతు చూసి సరస్సులో పడవవాడు తెడ్డు నీళ్ళలో వదిలేశాడు. అటక ఎక్కాను, ఇంటి కిందికి పాక్కుంటూ దూరాను.

ఇంటి కింద, దూలాల అడుగున, ఉలిగాట్లు కనబడ్డాయి. ఈ గాట్ల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మంచి పనివాళ్ళు ఇలాంటి చెక్క ఇంటిని ముందు తమ కొట్టంలోనే బిగించి చూసుకుంటారు. ఆ తర్వాత విడదీసి, బండ్ల మీద తెచ్చి, కట్టాల్సిన చోట మళ్ళీ బిగిస్తారు. ఏ ముక్క ఏ ముక్కలోకి వెళ్ళాలో మరిచిపోకుండా అతుకు దగ్గర రెండింటి మీదా ఒకేలా గాట్లు పెడతారు. ఒక గాటుకు ఒక గాటు, ఏడుకు ఏడు. ఆ గాట్లు చూసి, ఎవరో పనిమంతుడు కట్టాడని మురిసిపోయాను.

బయటికి వచ్చి బట్టలకంటిన మట్టి దులుపుకుంటుంటే పళ్ళబ్రోకరు ఫైలు విప్పి, కాగితాలు కూడా ఒకసారి చూస్తే బాగుంటుందన్నాడు.

"కాగితం అబద్ధమాడుతుందయ్యా, కలప ఆడదు" అన్నాను. ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, మధ్యాహ్నం భోజనం దగ్గర చెల్లెలికి ఇంకోసారి చెప్పాను. నూరేళ్ళు నిలబడే ఇల్లు, కళ్ళు మూసుకుని కొనమన్నాను. తను సరేనంది. అప్పట్లో తను దేనికైనా సరేననే అనేది.

రిజిస్ట్రారు ఆఫీసుకు నేనే సాక్షిగా వెళ్ళాను. చిన్న గది, ఒక బల్ల, అయిదు కుర్చీలు. దస్తావేజు రాసినాయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి గడగడా చదవడం మొదలెట్టాడు. నేను చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి దాకానే. కానీ విని అర్థం చేసుకోలేని మొద్దునేం కాను. వినేవాణ్ణే. కానీ ఆ గది తలుపుకు కింది బందు వదులైపోయింది. గాలి వచ్చినప్పుడల్లా కిర్రుమంటూ జానెడు తెరుచుకుంటోంది. గుమాస్తా లేచి వెళ్ళి దానికి ఇటుక అడ్డం పెట్టి వచ్చాడు. తలుపుకు ఇటుక. నాలాంటివాడి ముందు. పంటి కింద రాయి పడ్డట్టయింది.

రెండో పేజీ తిప్పేసరికి నేను తలుపు దగ్గరున్నాను. జేబులో స్క్రూడ్రైవరు లేకుండా నేను పెళ్ళికి కూడా వెళ్ళను. తలుపు భుజంతో పైకెత్తి, పాత స్క్రూలు తీసి, రంధ్రాల్లో అగ్గిపుల్లలు విరిచి దూర్చి, మళ్ళీ బిగించాను. ఒక వేలితో నెడితే వెన్నలా కదిలి మూసుకుంది. గుమాస్తా లేచి నిలబడ్డాడు. రిజిస్ట్రారు గారు తన గదిలోంచి వచ్చి రెండుసార్లు తెరిచి మూసి చూసుకున్నారు. అందరికీ టీలు తెప్పించారు. ఆ సంబరంలో నేను వచ్చి నా అయిదో తరగతి అక్షరాలతో సంతకం పెట్టాను. చెల్లెలు అప్పటికే పెట్టేసింది.

మొదటి ఎండాకాలం ఇల్లు ఖాళీ లేదు. నేను కూడా చేదోడుగా ఉంటానని పెట్టె సర్దుకుని వచ్చి, పడవల షెడ్డు పక్కన మంచం వేసుకున్నాను. వచ్చినవాళ్ళలో కొత్త జంట ఒకటి నాలుగు రోజులూ కిటికీ తెరవలేదు. ఒక లావుపాటి పాటల మాస్టారు కూర్చుని పాడాడు, కుర్చీ విరిగింది, కింద కూర్చుని పాట పూర్తిచేశాడు. పిల్లలకు నేను కథలు చెప్పేవాణ్ణి. ఈ సరస్సులో ఒక చేప ఉందనీ, పొద్దున్నే వచ్చి తోకతో తలుపు కొడుతుందనీ, అందుకే వరండా చెక్క అక్కడ తడిగా ఉందనీ. చెల్లెలు వాళ్ళందరికీ దుప్పట్లు మార్చేది, టీ పెట్టేది, తాళం చేతికిచ్చేది, తిరిగి తీసుకునేది. వాళ్ళు నవ్వుతూ వచ్చి నవ్వుతూనే పోయేవాళ్ళు. ఆ నవ్వులు తనకు కాస్తయినా అంటుకుంటాయని చూశాను. నూనె మరకకు సున్నం పట్టనట్టు, ఏమీ అంటుకోలేదు. కానీ టీలో చక్కెరే వేస్తోంది. అదే పదివేలనుకున్నాను.

సీజను అయిపోయాక, రాబోయే ఏడాదికి ఇంటి ముందు ఒక గేటు ఉంటే బాగుంటుందనిపించింది. గేటు తయారుచేశాను. స్తంభాలు పాతడానికి రెండు గుంటలు తవ్వడం మొదలెట్టాను. మొదటిది అయింది, రెండోది సగంలో ఉంది. తలెత్తేసరికి ఎదురుగా ఒక ముసలావిడ గొడుగు వేసుకుని, మడత కుర్చీ వేసుకుని కూర్చుని నన్ను చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో తెలియదు.

"ఎంత లోతు తవ్వుతున్నావబ్బాయ్?" అంది.

డెబ్బై మూడేళ్ళకు నన్ను అబ్బాయ్ అనే మనిషి దొరికిందని సంతోషపడి, రెండు మూరలండీ అన్నాను.

"ఎవర్నడిగి తవ్వుతున్నావ్?"

"మా చెల్లెల్నడిగి. ఇల్లు తనదేనండీ."

"మీ చెల్లెలు ఎవర్నడిగింది?"

ఈ వేళాకోళం నాకు అర్థం కాలేదు. ఆవిడ గొడుగు మూసి, దాని కొనతో గుంటలోకి చూపించింది.

"ఇల్లు మీది నాయనా. గుంట నాది."

ఆవిడ కోపంగా చెప్పలేదు. ఎదురింటివాళ్ళు గిన్నె వాళ్ళదని చెప్పినట్టు చెప్పింది. ఆ ఒడ్డున ఉన్న ఏడు ఇళ్ళ కింది నేలా ఆవిడదే. ఎప్పుడో లీజుకిచ్చింది. మా ఇంటికి ఇక పదేళ్ళ చిల్లర మిగిలింది. గడువు అయ్యాక నేలకు అంటుకుని ఉన్నదంతా నేలతోపాటు ఆవిడ వాళ్ళకే చెందుతుంది. ఎత్తుకుపోగలిగింది మాది. ఇదంతా దస్తావేజులో రెండో పేజీలో ఉందట, పెద్ద అక్షరాల్లోనే ఉందట. మళ్ళీ పొడిగిస్తారు కదా అని అడిగాను. నేనుంటే పొడిగిస్తానేమో, కానీ ఉండను కదా అంది. మనవలు ఇక్కడ హోటలు కడతారట. బొమ్మ గీయించి చూపించారట. బాగుందట. తర్వాత మంచినీళ్ళడిగింది. తెచ్చిచ్చాను. తాగి, గ్లాసు నా చేతికిచ్చి, గుంటలు పూడ్చేయమని చెప్పి వెళ్ళింది.

మొదట్లో కొట్టిన డప్పు ఇక్కడ దించేస్తాను, మోయలేకపోతున్నాను. నన్ను బోల్తా కొట్టించడానికి ఏ మొనగాడూ అక్కర్లేకపోయింది. ఒక వదులు బందు చాలింది. పాపం పళ్ళబ్రోకరు కాగితం చూడమనే అన్నాడు. దస్తావేజు రాసినాయన గొంతెత్తే చదివాడు. ఇంటి కింద పాకి, దూలాలు వేళ్ళతో తడిమినవాణ్ణి, ఆ పాకిన మట్టి ఎవరిదని మాత్రం అడగలేదు. కుట్టుపనివాడికి మనిషి కనబడడు, చొక్కా కనబడుతుంది. నాకూ అంతే.

గుంటలు పూడ్చాను. తవ్విన మట్టి తవ్విన గుంటలో ఎప్పుడూ పట్టదు, కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలింది కూడా ఆవిడదే కదా. దాన్ని గంపలోకెత్తి, ఎక్కడ పోయాలో తెలియక, గంప పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. చేతికి మొద్దుబారే సూది వేసి ఉలి దించితే ఎలా ఉంటుందో అలా, కోస్తున్నది తెలుస్తోంది, నొప్పి తెలియడం లేదు. మా చెల్లెలు రెండేళ్ళుగా ఉన్న చోటు ఇదే కాబోలు అనిపించింది. గంప దించి లోపలికి వెళ్ళాను.

తను దుప్పట్లు మడతపెడుతోంది. జరిగింది చెప్పాను. మడత ఆపలేదు.

"తెలుసన్నయ్యా" అంది. "పదకొండేళ్ళని చదివాడుగా. నువ్వప్పుడు తలుపు బాగుచేస్తున్నావు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీకు తెలిసే కొనమన్నావనుకున్నా."

దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి లాగి, మడిచి, దగ్గరికి వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళాం. తను నా మొహంలోకి చూడకుండా అంది.

"ఆయనతో నేనున్నది తొమ్మిదేళ్ళే. ఆ లెక్కన పదకొండంటే ఎక్కువే."

ఇంకో దుప్పటి తీశాం.

ఆ తర్వాత కొన్ని వారాలు నేను పిల్లలకు కథలు చెప్పలేదు. సీజను కాకపోయినా సెలవుకు వచ్చిన ఒక పిల్ల చేప గురించి అడిగితే, చేప లేదమ్మా, చెక్క ఊరికే తడిసిందన్నాను. ఆ పిల్ల నన్ను ఎలా చూసిందంటే, బజారులో మోసపోయినవాణ్ణి చూసినట్టు చూసింది. కిటికీలు సరిచేశాను, కుళాయి బిగించాను, ఆ గేటును షెడ్డులో గోడకు ఆనించాను. పని చేస్తూనే ఉన్నాను కానీ ఏది చేశానో సాయంత్రానికి గుర్తుండేది కాదు. చెల్లెలు మాత్రం ఎప్పటిలాగే ఉంది. కొత్తగా పోయేదేమీ లేనట్టు.

అప్పుడు ఆ గాట్లు గుర్తొచ్చాయి.

చెల్లెల్ని పిలిచి, చీర చెంగు బిగించి కట్టుకోమని చెప్పి, ఇంటి కిందికి పాకించాను. లాంతరు పెట్టి దూలాల అడుగు చూపించాను. ఇదిగో మూడు గాట్లు, దీనికెదురుగా మూడు. ఇదిగో అయిదు. ఈ ఇల్లు కట్టినవాడు పిచ్చివాడు కాదు, నేల తనది కాదని వాడికి తెలుసు, విప్పి పట్టుకుపోయేలాగే కట్టాడు అని చెప్పాను. మేకులు కనబడితే అవి తర్వాత ఎవడో తెలివితక్కువవాడు కొట్టినవి, వాటిని పీకి చెక్క చీలలు బిగిస్తే సరి. ఎత్తుకుపోగలిగింది మనదేనని ఆవిడే చెప్పింది కదా. పునాది రాళ్ళు ఆవిడకు వదిలేద్దాం, మనవలు వాటి మీద హోటలు కట్టుకుంటారు.

తను గాటులో వేలు పెట్టి తడిమింది. మోచేతుల మీద ఆనుకుని చాలాసేపు చూసింది.

"ఎక్కడికి పట్టుకెళ్తాం?"

"ఎక్కడ నేల దొరికితే అక్కడికి."

"అది ఎవరిదై ఉంటుంది?"

"ఈసారి నువ్వు అడుగు. నేను తలుపులు చూసుకుంటాను."

నవ్వలేదు. కానీ మర్నాడు పొద్దున షాపు సామాను పెట్టె తెరిచింది. అమ్మేయగా మిగిలిన నంబరు చీటీల కట్ట, జిగురు డబ్బా తీసింది. పటం వెనక అంటించినట్టే, ఇంట్లో ప్రతి చెక్క వెనకా ఒక చీటీ అంటించడం మొదలెట్టింది. కిటికీ రెక్కలకు, వరండా కటకటాలకు, అటక పలకలకు. ఒక నోటుబుక్కులో నంబరు ఎదురుగా రాసుకుంది: నలభై ఏడు, ఉత్తరం గోడ, కింది నుంచి మూడోది, ఒక ముడి ఉంది. నేను మేకు పీకి చీల దిగ్గొట్టిన చోట ఎర్ర చుక్క పెట్టేది. ఏడాదికి ఒక గది చొప్పున వెళ్తున్నాం. సీజనులో పని ఆపుతాం, అతిథులు పోగానే మళ్ళీ మొదలెడతాం. కిటికీ రెక్క వెనక ఈ నంబరేమిటని ఎవరైనా అడిగితే, మా ఇల్లు పోయినేడు సరస్సుకు అవతలి ఒడ్డున ఉండేదనీ, వేసవిలో ఇటు ఈదుకుంటూ వస్తుందనీ, దారిలో ఏ ముక్కా తప్పిపోకుండా నంబర్లు వేశామనీ చెబుతాను. పిల్లలు నమ్ముతారు. పెద్దవాళ్ళు కూడా వరండా కిందికి వంగి చూస్తారు.

ఇల్లు కొని ఇప్పటికి నాలుగేళ్ళు గడిచాయి. ఏడు మిగిలాయి. గొడుగావిడ ఇంకా ఉంది. ఏడాదికోసారి వచ్చి, నీళ్ళు తాగి, గుంటలున్నాయేమో చూసి వెళ్తుంది. చెల్లెలు ఏడ్చిందా అంటే ఏడవలేదు. నవ్విందా అంటే, ఒకసారి ముప్ఫై తొమ్మిదో నంబరు చీటీ నా వీపు మీద అంటించి, రోజంతా నన్ను అలాగే తిరగనిచ్చింది. దాన్ని నవ్వుగా లెక్కేసుకున్నాను.

ఇక ఇందులో ఒక అబద్ధం ఉంది, అదేదో చెప్పి ముగిస్తాను. బీరువా దగ్గిన మాట నిజం. లావుపాటి మాస్టారూ నిజం, విరిగిన కుర్చీ కాలు చూపిస్తాను రండి. చేప సంగతి సగం నిజం. అబద్ధమల్లా ఆ గాట్లు. కొనకముందు నేను ఇంటి కింద పాకిన రోజున దూలాల అడుగున ఏ గాటూ లేదు. ఏ పనిమంతుడూ దాన్ని విప్పడానికి కట్టలేదు. ఎక్కడ చూసినా మేకులే. చెల్లెలు మూడు రోజులు ఊరెళ్ళినప్పుడు వెల్లకిలా పడుకుని నేనే చెక్కాను. పాతగా కనబడాలని లాంతరు మసి, ఆముదం కలిపి పూశాను. ఇప్పటికీ ఎక్కడైనా మసి రాలితే గుట్టుగా మళ్ళీ పూస్తుంటాను. ఈ ఇల్లు నిజంగా విప్పితే విప్పుకుంటుందా అంటే, గోడలు వస్తాయి, పైకప్పు సంగతి చెప్పలేను.

తనకు తెలుసో తెలియదో నేను అడగలేదు. పోయిన నెల ఆముదం అయిపోతే, నేను అడక్కుండానే కొత్త సీసా ఒకటి ఇంటి కింద, దూలం పక్కన పెట్టి ఉంది. ఆ దూలం మీద నా ఏడో గాటు వంకరగా పడింది. దాని పక్కన అంటించిన చీటీ మాత్రం తిన్నగా ఉంది.